ఆటగాడికి కృతజ్ఞత, అపరిచితులకు విరాళం

ఈ నెల మాకు చేరిన ఉత్తరాలలో చాలావరకు ఒకే విషయం చుట్టూ తిరిగాయి. తమకు ఆనందాన్ని పంచిన క్రీడాకారుల పట్ల కృతజ్ఞతగా, వారు నడిపే లేదా వారికి ఇష్టమైన సేవాసంస్థలకు అభిమానులు విరాళాలు పంపడం మంచిదేనా, పంపదలిస్తే ఎలా పంపాలి అని పాఠకులు అడిగారు. అందుచేత ఈ సంచికలో శీర్షిక మొత్తాన్ని ఆ ప్రశ్నలకే కేటాయిస్తున్నాము.

ప్రశ్న: నేను డల్లాస్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్నాను. నా సహోద్యోగి ఒకరిది బఫెలో నగరం. తమ ఊరి అమెరికన్ ఫుట్‌బాల్ (చేతితో బంతి విసురుతూ, పట్టుకుని పరుగెత్తుతూ ఆడే ఆట) జట్టు అభిమానులు ఎదుటి జట్ల ఆటగాళ్ల సేవాసంస్థలకు కూడా చందాలు పంపుతారనీ, తాను కూడా పలుమార్లు 17 డాలర్ల చొప్పున పంపాననీ ఆయన గర్వంగా చెప్పారు. కోట్ల డాలర్లు సంపాదించే ఆటగాడికి నెలజీతం మీద బతికే మనిషి డబ్బు పంపడం ఏమిటో నాకు అర్థం కాలేదు. ఈ ఆచారం ఎలా మొదలైంది? దీనిని మీరు సమర్థిస్తారా?
— ఒక పాఠకుడు, డల్లాస్

జవాబు: ముందుగా ఒక మాట. ఆ డబ్బు ఆటగాడికి చేరదు. ఆటగాడి పేరు చెప్పి పంపిన ఆ చందా, ఏ ఆటా చూడని, చూసే స్థితిలో కూడా లేని పసిపిల్లల వైద్యానికో భోజనానికో వెళుతుంది. నేను ఈ ఆచారాన్ని మనస్ఫూర్తిగా సమర్థించడానికి మొదటి కారణం అదే. ఇక అది ఎలా మొదలైందో తెలుసుకోవాలంటే బఫెలో అభిమానుల నిరీక్షణ గురించి కొంత చెప్పుకోవాలి.

బఫెలో న్యూయార్క్ రాష్ట్రానికి పడమటి అంచున, ఈరీ సరస్సు ఒడ్డున ఉన్న నగరం. అక్కడ చలికాలం కఠినంగా ఉంటుంది, మంచు మోకాలి లోతు దాటి కురుస్తుంది. ఉక్కు కర్మాగారాలు మూతపడిన తరువాత ఆ ఊరు ఆర్థికంగా చాలా దెబ్బతిన్నది. అటువంటి ఊరికి ‘బఫెలో బిల్స్’ అనే ఫుట్‌బాల్ జట్టు పెద్ద ఊరట. ఆ జట్టు 1991 నుంచి 1994 దాకా వరుసగా నాలుగేళ్లు, ఆ ఆటలో ఏటా జరిగే అంతిమ పోటీ అయిన సూపర్ బౌల్ ఆడి నాలుగింటిలోనూ ఓడిపోయింది. ఆపైన 1999 సీజన్ తరువాత 17 ఏళ్లపాటు ప్లేఆఫ్స్ (సీజన్ చివర మేటి జట్లు ఆడే నాకౌట్ పోటీలు) గడప కూడా తొక్కలేదు. ఆ కాలంలో పుట్టిన పిల్లలు తమ జట్టును ఒక్కసారైనా ప్లేఆఫ్స్‌లో చూడకుండానే హైస్కూలు చదువు ముగించే వయసుకు వచ్చారు.

2017 డిసెంబరు 31న, సీజన్ చివరి రోజున, బిల్స్ జట్టు మయామీలో తన ఆట తాను గెలిచింది. అయినా అది చాలదు. వేరే ఊళ్లలో జరుగుతున్న ఆటల ఫలితాలు కూడా కలిసిరావాలి. అందులో ముఖ్యమైనది బాల్టిమోర్‌లో రేవెన్స్, సిన్సినాటి బెంగాల్స్ జట్ల మధ్య జరుగుతున్న ఆట. అక్కడ రేవెన్స్ ఓడితే బఫెలోకు దారి తెరుచుకుంటుంది. ఆట ముగింపుకు వచ్చేసరికి బెంగాల్స్ జట్టు 24–27తో వెనుకబడి ఉంది. చేతిలో మిగిలింది చివరి ప్రయత్నం, దాటవలసిన దూరం 12 గజాలు. అప్పుడు క్వార్టర్‌బ్యాక్ (బంతి విసురుతూ జట్టు దాడిని నడిపే ఆటగాడు) ఆండీ డాల్టన్ విసిరిన బంతిని టైలర్ బోయ్డ్ అందుకుని పరుగెత్తి, బంతిని ప్రత్యర్థి గీత దాటించి 49 గజాల టచ్‌డౌన్ పూర్తిచేశాడు. అప్పటికి గడియారంలో మిగిలినవి 44 సెకన్లు. బెంగాల్స్ 31–27తో గెలిచింది, బఫెలో ప్లేఆఫ్స్‌కు చేరింది.

గమనించవలసిన సంగతి ఏమిటంటే, ఆ గెలుపు వలన బెంగాల్స్ జట్టుకు ఒరిగినది ఏమీ లేదు. ఆ జట్టు అవకాశాలు అంతకుముందే ముగిసిపోయాయి. డాల్టన్, బోయ్డ్ ఇద్దరూ ఫలితం తమకు అక్కరకు రాని ఆటను చివరి క్షణం దాకా నిజాయితీగా ఆడారు. వందల మైళ్ల దూరంలో ఆ మేలు అందుకున్న బఫెలో ప్రజలకు వారి ఋణం తీర్చుకోవాలనిపించింది. కొందరు వెతికి, డాల్టన్ దంపతులు నడిపే ఫౌండేషన్ ఒకటి ఉందని, అది సిన్సినాటి, ఫోర్ట్‌వర్త్ ప్రాంతాలలో తీవ్రమైన జబ్బులతో, అంగవైకల్యంతో బాధపడే పిల్లల కుటుంబాలకు సాయం చేస్తుందని కనుగొన్నారు. 17 ఏళ్ల నిరీక్షణకు గుర్తుగా 17 డాలర్ల చొప్పున చందాలు మొదలయ్యాయి. కొద్ది రోజులలోనే ఆ మొత్తం 3 లక్షల డాలర్లు దాటింది. పశ్చిమ పెన్సిల్వేనియాలో పిల్లల ఆటలకు తోడ్పడే, బోయ్డ్‌కు సంబంధమున్న సంస్థకు కూడా విరాళాలు అందాయి. డాల్టన్ దంపతులు బఫెలో నగరంలో పెద్ద పెద్ద హోర్డింగులు పెట్టించి ఆ ప్రజలకు ధన్యవాదాలు తెలిపారు. ఆ తరువాతి వారం ప్లేఆఫ్స్‌లో బిల్స్ జట్టు ఓడిపోయింది. చందా ఇచ్చినవారిలో దానికి విచారించినవారు ఉంటారు గాని, ఇచ్చినందుకు విచారించినవారు ఉంటారని నేను అనుకోను.

కోట్లు సంపాదించే ఆటగాడికి మనం ఇవ్వగలిగినది ఏమీ లేదన్న మీ మాట నిజం. అందుచేతనే ఆ కృతజ్ఞత అతనిని దాటి, అతను పట్టించుకునే మనుషుల దగ్గరకు వెళ్లవలసి వచ్చింది. ఈ పద్ధతి తెలుగువారికి కొత్తది కాదు. 1998లో చిరంజీవి హైదరాబాదులో రక్తనిధిని స్థాపించిన నాటి నుంచి ఆయన అభిమానులు తమ అభిమానాన్ని రక్తదానంగా అందిస్తున్నారు. ఆ రక్తం ఎక్కించుకున్న రోగికి దాత ఎవరో తెలియదు, దాతకు రోగి ఎవరో తెలియదు. మధ్యలో ఉన్నది ఒక నటుడి మీద అభిమానం మాత్రమే. మీ సహోద్యోగి 17 డాలర్లను కూడా ఆ వరుసలోనే చూడండి.

ప్రశ్న: మన దేశంలో జట్టు గెలిస్తే ఆటగాడికి నీరాజనాలు పడతారు, ఓడితే ఇంటిల్లిపాదినీ తిడతారు. గెలిపించినప్పుడు మాత్రమే పుట్టే కృతజ్ఞతకు విలువ ఉంటుందా? అది కూడా ఒక రకమైన బేరమే కదా?
— ఒక అధ్యాపకుడు, గుంటూరు

జవాబు: మీ ప్రశ్నలోని బాధ నాకు అర్థమవుతుంది. 2021లో టీ20 ప్రపంచ కప్పులో పాకిస్తాన్ చేతిలో ఓడిన రాత్రి మహమ్మద్ షమీని, 2022 ఆసియా కప్పులో ఒక క్యాచ్ జారవిడిచినందుకు అర్ష్‌దీప్ సింగ్‌ను సామాజిక మాధ్యమాలలో ఎంత నీచంగా దూషించారో మనం చూశాము. గెలుపుకు మాత్రమే వెల కట్టే అభిమానం ఎక్కడికి దారితీస్తుందో చెప్పడానికి ఆ రెండు సంఘటనలూ చాలు.

అయితే పైన చెప్పిన బఫెలో అభిమానులు ఆ ఒక్క గెలుపుతో ఆగిపోలేదు. 2020 నవంబరులో తమ క్వార్టర్‌బ్యాక్ జాష్ ఆలెన్ నాయనమ్మ పాట్రీషియా, సియాటిల్ జట్టుతో జరగవలసిన ఆటకు ముందురోజు రాత్రి మరణించింది. అతను ఆ దుఃఖంతోనే మరునాడు బరిలోకి దిగి 415 గజాల మేర బంతి విసిరి జట్టును గెలిపించాడు. ఆటయిన తరువాతే ఆ సంగతి జనానికి తెలిసింది. ఆలెన్ మొదటి నుంచి తోడ్పడుతున్న, బఫెలోలోని ఓషై పిల్లల ఆసుపత్రికి, అతని జెర్సీ సంఖ్య అయిన 17ను గుర్తుగా పెట్టుకుని, అభిమానులు 17 డాలర్ల చొప్పున పంపారు. ఆ మొత్తం 10 లక్షల డాలర్లు దాటింది. ఆసుపత్రివారు పదవ అంతస్తులో పిల్లలు కోలుకునే విభాగానికి ఆమె పేరు పెట్టారు. ఇందులో గెలుపు ప్రసక్తి ఉన్నా, ముఖ్యమైనది ఓదార్పు.

2021 జనవరిలో బిల్స్ జట్టు రేవెన్స్‌ను ఓడించింది. ఆ ఆటలో ఎదుటి జట్టు క్వార్టర్‌బ్యాక్ లమార్ జాక్సన్ తలకు దెబ్బ తగిలి బయటికి వెళ్లవలసి వచ్చింది. గెలిచిన ఆనందంలో ఉన్న బఫెలో అభిమానులు, బడిపిల్లలకు వారాంతంలో తినడానికి ఆహారం సంచులలో పెట్టి పంపే, జాక్సన్ తోడ్పాటు ఉన్న ఒక సంస్థకు లక్షల డాలర్లు పంపారు. వారం రోజులు బడిలో భోజనం దొరికే పేద పిల్లలకు శని, ఆదివారాలు ఆకలి రోజులు. మధ్యాహ్న భోజన పథకం ఎరిగిన మనకు ఆ కష్టం ఒకరు విడమరిచి చెప్పవలసిన పని లేదు. మరుసటి ఏడాది, 2022 జనవరిలో, కథ తిరగబడింది. బఫెలో జట్టు కాన్సాస్ సిటీ చీఫ్స్ చేతిలో 36–42తో ఓడిపోయింది. 13 సెకన్లు మాత్రమే మిగిలిన దశలో చీఫ్స్ స్కోరు సమం చేసి, అదనపు సమయంలో గెలిచింది. అప్పుడు గెలిచిన కాన్సాస్ సిటీ అభిమానులే, తమకు అంత గొప్ప ఆటను చూపించిన ప్రత్యర్థుల మీద గౌరవంతో, అదే బఫెలో పిల్లల ఆసుపత్రికి 13 డాలర్ల చొప్పున పంపారు. అది కూడా 3 లక్షల డాలర్లు దాటింది.

మీ ప్రశ్నకు అన్నిటికన్నా సూటిగా జవాబు చెప్పేది 2024 జనవరి నాటి సంఘటన. అదే చీఫ్స్ జట్టుతో ప్లేఆఫ్స్‌లో, బఫెలో మూడు పాయింట్లు వెనుకబడి ఉండగా, 44 గజాల నుంచి టైలర్ బాస్ కొట్టిన కిక్ గోలుస్తంభాల కుడివైపుగా వెళ్లిపోయింది. జట్టు ఓడింది. అతనిని తిట్టినవారూ బెదిరించినవారూ అక్కడ కూడా ఉన్నారు. అతను సామాజిక మాధ్యమాల నుంచి తప్పుకోవలసి వచ్చింది. కాని అదే సమయంలో, అతను అంతకుముందు ప్రచారం చేసిపెట్టిన పిల్లుల సంరక్షణ సంస్థ ఒకటి బఫెలో ప్రాంతంలో ఉందని గుర్తించి, అతనికి అండగా 22 డాలర్ల చొప్పున పంపినవారు వేలమంది. లక్ష డాలర్లు దాటడానికి ఎంతో కాలం పట్టలేదు. ఓటమికి కారణమని అందరూ వేలెత్తి చూపుతున్న మనిషి పేరు మీద ఇచ్చిన ఆ డబ్బును బేరమని నేను అనలేను. మన అభిమాన సంఘాలు ఈ ఒక్క పద్ధతిని అందిపుచ్చుకున్నా, క్యాచ్ వదిలిన కుర్రవాడు ఆ రాత్రి ఫోను తెరవడానికి భయపడనవసరం ఉండదు.

ప్రశ్న: గుండె ఆగి పడిపోయిన ఒక అమెరికన్ ఆటగాడి చిన్న సేవా కార్యక్రమానికి లక్షల డాలర్లు వచ్చాయని చదివాను. అంత డబ్బు ఒక్కసారిగా వచ్చి పడితే చిన్న సంస్థ ఏం చేయగలదు? ఆ డబ్బు దుర్వినియోగం కాదా?
— ఒక పాఠకురాలు, వరంగల్

జవాబు: మీరు చెబుతున్నది బఫెలో బిల్స్ ఆటగాడు డమార్ హామ్లిన్ విషయం. 2023 జనవరి 2న సిన్సినాటిలో ఆట జరుగుతుండగా ఛాతీకి బలమైన తాకిడి తగిలి, గుండె లయ తప్పి, అతను మైదానంలోనే కుప్పకూలాడు. వైద్య సిబ్బంది అక్కడికక్కడే ఛాతీ మీద ఒత్తిడి ఇస్తూ, విద్యుత్ షాక్ ఇచ్చి ప్రాణం నిలబెట్టారు. అతను తన ఊరి పిల్లలకు పండుగకు బొమ్మలు పంచడం కోసం అంతకుముందు ఆన్‌లైన్‌లో ఒక చందా పేజీ తెరిచి ఉన్నాడు. దాని లక్ష్యం 2,500 డాలర్లు. అతను ఆసుపత్రిలో స్పృహ లేకుండా ఉన్న రోజులలో, ప్రార్థన తప్ప మరేమీ చేయలేని జనం ఆ పేజీని వెతికి పట్టుకున్నారు. మొత్తం 80 లక్షల డాలర్లు దాటిపోయింది.

అంత వెల్లువను మోయగల నిర్మాణం ఒక బొమ్మల పంపిణీ కార్యక్రమానికి ఉండదు. లెక్కలు రాసే గుమస్తా ఉండడు, ధర్మకర్తల మండలి ఉండదు, ఏ పనికి ఎంత ఖర్చుచేయాలో ముందే రాసుకున్న ప్రణాళిక ఉండదు. ఆటగాళ్ల పేర్లతో వెలిసే సంస్థలలో చాలావాటికి ఉన్న బలహీనత ఇదే. ఆటగాడు మంచివాడే కావచ్చు, అతని ఉద్దేశం స్వచ్ఛమైనదే కావచ్చు. కాని సేవాసంస్థను నడపడం ఒక వృత్తి. దానిని నేర్చుకోవడానికి అతనికి తీరిక దొరకదు. అందువలన బంధువులో మిత్రులో చూసుకుంటారు. దురుద్దేశం ఎవరికీ లేకపోయినా లెక్కలు పక్కదారి పట్టవచ్చు. ఇటువంటప్పుడు నిధి నిర్వహణలో అనుభవమున్న మరొక సంస్థ ఆధ్వర్యంలోకి డబ్బును చేర్చడం సరైన మార్గం. హామ్లిన్ తరఫువారు కూడా ఆ దారినే పట్టారు. కోలుకున్న తరువాత అతను తిరిగి ఆటలోకి వచ్చాడు. గుండె ఆగినప్పుడు మొదటి నిమిషాలలో చేయవలసిన ప్రథమ చికిత్స గురించి ఊరూరా ప్రచారం చేస్తూ, విద్యుత్ షాక్ ఇచ్చే పరికరాలను పిల్లల క్రీడాసంఘాలకు అందజేస్తున్నాడు.

దీని నుంచి నేను మీకు చెప్పదలచినది ఒక్కటే. ఉద్వేగం ఉప్పొంగిన రాత్రి అప్పటికప్పుడు ఇవ్వాలనిపిస్తే, ఆటగాడి సొంత పేరు మీది కొత్త సంస్థ కన్నా, అతను ఎంతో కాలంగా తోడ్పడుతున్న ఆసుపత్రిని ఎంచుకోండి. ఓషై ఆసుపత్రికి ఆలెన్ ఉన్నా లేకపోయినా వైద్యులు, నర్సులు, లెక్కల విభాగం ఉంటారు. వచ్చిన ప్రతి డాలరునూ మరునాటి ఉదయం నుంచే పనిలో పెట్టగలరు. పెద్ద మొత్తాలు కూడా అక్కడ ఇమిడిపోతాయి.

ప్రశ్న: మా అబ్బాయి డిగ్రీ రెండవ సంవత్సరం చదువుతున్నాడు. యువరాజ్ సింగ్ అంటే ప్రాణం. ట్యూషన్లు చెప్పి దాచుకున్న డబ్బులో కొంత ఆయన క్యాన్సర్ సంస్థకు పంపుతానంటున్నాడు. మన ఊరి పెద్దాసుపత్రిలో ఇంతమంది రోగులు ఉండగా ఎక్కడో ఉన్నవాళ్లకు ఎందుకని వాళ్ల నాన్నగారు కోప్పడుతున్నారు. ఎవరి మాట సరైనది?
— ఒక తల్లి, రాజమహేంద్రవరం

జవాబు: అమ్మా, ముందుగా అబ్బాయిని పంపనివ్వండి. సొంత కష్టంతో సంపాదించిన మొదటి డబ్బులో కొంత ఇతరుల కోసం తీయాలని తనంతట తాను అనుకున్న పిల్లవాణ్ణి ఆ క్షణాన ఆపితే, మళ్లీ అంత ఉత్సాహంగా ముందుకు రాకపోవచ్చు.

యువరాజ్ మీద అతని అభిమానానికి మూలం ఏమిటో నేను ఊహించగలను. 2011 ప్రపంచ కప్పులో 362 పరుగులు చేసి 15 వికెట్లు తీసుకుని టోర్నీలో ఉత్తమ ఆటగాడిగా నిలిచినప్పుడు, అతని ఊపిరితిత్తుల మధ్య కణితి పెరుగుతోందని దేశానికి తెలియదు. దగ్గుతూ, రక్తం కక్కుతూ ఆడాడని తరువాత తెలిసింది. అమెరికాలో కీమోథెరపీ ముగించుకుని వచ్చి, 2012 సెప్టెంబరు 8న విశాఖపట్నంలో న్యూజిలాండ్‌తో టీ20 మ్యాచ్‌లో మళ్లీ బ్యాటు పట్టవలసి ఉండగా, వాన వలన ఒక్క బంతి కూడా పడకుండా ఆ మ్యాచ్ రద్దయింది. మూడు రోజుల తరువాత చెన్నైలో ఆడాడు. అదే ఏడాది అతను ప్రారంభించిన ‘యూవీకెన్’ ఫౌండేషన్ క్యాన్సర్‌ను తొలిదశలో గుర్తించే పరీక్షలు, అవగాహన, రోగులకు సాయం వంటి పనులు చేస్తోంది. అది ఎక్కడో ఉన్నవాళ్ల కోసం అన్న మాట కూడా పూర్తిగా నిజం కాదు. కొవిడ్ రెండవ దశ తరువాత, 2021 జూలైలో, నిజామాబాద్ ప్రభుత్వ ఆసుపత్రిలో 120 క్రిటికల్ కేర్ పడకలను ఏర్పాటు చేసింది ఆ సంస్థే.

ఇక వాళ్ల నాన్నగారి మాటను కూడా తోసిపుచ్చవద్దు. దానిని అబ్బాయికి ఈ రూపంలో చెప్పి చూడండి. కీమోథెరపీ తీసుకునే రోగుల రక్తంలో ప్లేట్‌లెట్ల సంఖ్య తరచుగా పడిపోతుంది, అప్పుడు దాతల నుంచి సేకరించిన ప్లేట్‌లెట్లు ఎక్కించాలి. అవి ఐదు రోజులకు మించి నిలవ ఉండవు. అందువలన క్యాన్సర్ వైద్యం చేసే ప్రతి ఊరిలోనూ వాటి కోసం రోజూ వెతుకులాటే. అబ్బాయికి 18 ఏళ్లు నిండి, బరువూ ఆరోగ్యమూ సరిపోతే, మీ ఊరి రక్తనిధిలో పేరు నమోదు చేయించుకోవచ్చు. యువరాజ్ లాగే కీమో తీసుకుంటున్న ఒక మనిషికి తన ఊరిలోనే, తన శరీరం నుంచే సాయం చేశానన్న తృప్తి అతనికి దక్కుతుంది. డబ్బు పంపడమూ ఇదీ రెండూ చేయవచ్చు. ఎంత పంపాలన్నది మాత్రం అతనికే వదిలేయండి.

ప్రశ్న: మాది కాకినాడ. ఇప్పుడు సిడ్నీలో ఉంటున్నాను. 2003 ప్రపంచ కప్పు ఫైనల్‌లో మొదటి ఓవర్లోనే సచిన్‌ను ఔట్ చేసిన మెక్‌గ్రాత్‌ను చిన్నతనంలో ఎంతో తిట్టుకున్నాను. ఇప్పుడు ప్రతి జనవరిలో ఆయన ఫౌండేషన్ కోసం గులాబీ రంగు సీటు కొంటున్నాను. ఇది కృతజ్ఞత అనిపించుకుంటుందా?
— ఒక పాఠకుడు, సిడ్నీ

జవాబు: తప్పకుండా అనిపించుకుంటుంది. మెక్‌గ్రాత్ దంపతులు గ్లెన్, జేన్ 2005లో ఆ సంస్థను స్థాపించారు. రొమ్ము క్యాన్సర్‌తో పోరాడిన జేన్ 2008లో కన్నుమూసింది. 2009 నుంచి సిడ్నీలో జరిగే కొత్త సంవత్సరపు టెస్టును గులాబీ టెస్టుగా, అందులో మూడవ రోజును ఆమె పేరు మీద జరుపుతున్నారు. ఆ రోజు గ్యాలరీలన్నీ గులాబీమయం అవుతాయి. సమకూరిన డబ్బు ముఖ్యంగా నర్సుల కోసం వెళుతుంది. రోగి వద్ద పైసా తీసుకోకుండా, జబ్బు నిర్ధారణ అయిన రోజు నుంచి కుటుంబానికి తోడుగా నిలిచే నర్సులు వారు. ఇటీవల ఆ సేవను రొమ్ము క్యాన్సర్‌కు పరిమితం చేయకుండా ఇతర క్యాన్సర్లకు కూడా విస్తరిస్తున్నారు.

ప్రేక్షకులను మైదానంలోకి పరిమితంగా అనుమతించిన కొవిడ్ కాలంలో, కూర్చునే హక్కు లేకపోయినా పేరుకు ఒక సీటు కొనే ఏర్పాటు చేశారు. అది జనానికి నచ్చి కొనసాగింది. 2021 జనవరిలో మీ కాకినాడ కుర్రవాడు హనుమ విహారి తొడ కండరం పట్టేసినా 161 బంతులు ఎదుర్కొని, అశ్విన్‌తో కలిసి ఓటమిని తప్పించిన మ్యాచ్ కూడా గులాబీ టెస్టే. ఆ ఇన్నింగ్స్‌కు కృతజ్ఞతగా అనుకుని కొన్నా మీ సీటు డబ్బు చేరేది ఆ నర్సులకే. ఎవరి మీద అభిమానంతో ఇచ్చారన్న సంగతిని సంస్థ అడగదు, మీరు చెప్పనక్కరలేదు.

ప్రశ్న: మా కాలనీ క్రికెట్ మిత్రులం ఒక క్రీడాకారుడి సంస్థకు చందా వసూలు చేసి పంపాలనుకుంటున్నాము. ఒకరి యూపీఐ ఖాతాకు అందరూ పంపితే చాలునా? అమెరికాలో ఉన్న మా స్నేహితులు కూడా కలుస్తామంటున్నారు. ఏ జాగ్రత్తలు తీసుకోవాలి?
— కొందరు మిత్రులు, హైదరాబాదు

జవాబు: ఒకరి సొంత ఖాతాకు వసూలు చేయవద్దని నా గట్టి సలహా. ఆయన ఎంత నమ్మకస్థుడైనా, తరువాత ఎవరు ఎంత ఇచ్చారన్న దగ్గర మనస్పర్థలు వస్తాయి. పైగా రసీదు ఆయన ఒక్కరి పేరు మీదే వస్తుంది. ప్రతి ఒక్కరూ సంస్థ అధికారిక ఖాతాకే నేరుగా పంపి, తమ పాన్ నంబరు ఇచ్చి రసీదు తీసుకోండి. మనకు 80జి సెక్షన్‌గా అలవాటైన పన్ను మినహాయింపు, ఆదాయపు పన్ను శాఖ వద్ద నమోదైన సంస్థలకు ఇచ్చిన విరాళాలకే వర్తిస్తుంది (2026 ఏప్రిల్ 1 నుంచి వర్తించే కొత్త చట్టంలో సెక్షన్ల సంఖ్యలు వేరు). ఇటువంటి సంస్థలకు ఇచ్చినదానిలో సాధారణంగా సగానికి, అది కూడా ఆదాయాన్ని బట్టి ఒక పరిమితి దాకా, మినహాయింపు లభిస్తుంది. 2,000 రూపాయలకు మించి నగదుగా ఇస్తే ఆ లాభం ఉండదు. కొత్త పన్ను విధానాన్ని ఎంచుకున్న ఉద్యోగులకు ఈ మినహాయింపు అసలే లేదు కనుక, మీలో చాలామందికి పన్ను లెక్క ప్రధానం కాకపోవచ్చు. అయినా నమోదు ఉందో లేదో చూడటం మానవద్దు, ఎందుకంటే సంస్థ లెక్కలు చూపుతోందనడానికి అది కనీస ఆధారం.

పెద్ద మ్యాచ్ గెలిచిన రాత్రి, లేదా ఆటగాడికి ప్రమాదం జరిగిన రోజున, అతని ఫొటోతో నకిలీ పేజీలు, క్యూఆర్ కోడ్లు వాట్సాప్‌లో చేతులు మారుతుంటాయి. ఎవరో పంపిన లింకు నొక్కి డబ్బు పంపకండి. సంస్థ వెబ్‌సైటును మీరే వెతికి తెరవండి, ఆటగాడి ధ్రువీకృత ఖాతాలో దాని ప్రస్తావన ఉందో లేదో చూడండి. కోడ్ స్కాన్ చేసినప్పుడు తెరమీద కనిపించే ఖాతాదారు పేరు సంస్థ పేరుతో సరిపోలకపోతే అక్కడే ఆగండి.

అమెరికా మిత్రుల విషయంలో వారి పౌరసత్వం ముఖ్యం. భారత పాస్‌పోర్టు ఉన్నవారు తమ సొంత సంపాదన నుంచి బ్యాంకు ద్వారా పంపితే అది విదేశీ విరాళం కిందికి రాదు. అమెరికా పౌరసత్వం తీసుకున్నవారు, భారత సంతతివారికి ఇచ్చే ఓసీఐ కార్డు ఉన్నా సరే, పంపితే విదేశీ విరాళమే. దానిని స్వీకరించడానికి సంస్థకు ఎఫ్‌సీఆర్‌ఏ (విదేశీ విరాళాల నియంత్రణ చట్టం) నమోదు ఉండాలి, డబ్బు ఢిల్లీలోని స్టేట్ బ్యాంకు ప్రధాన శాఖలో ఆ సంస్థకు ఉన్న ప్రత్యేక ఖాతాకే రావాలి. ఈ నియమం తెలియక సాధారణ ఖాతాకు పంపితే చిక్కులు సంస్థకే వస్తాయి. పౌరసత్వం తీసుకున్న మిత్రులు అక్కడే నమోదైన ఒక సంస్థకు విడిగా ఇవ్వడం తేలిక. అమెరికా పన్ను శాఖ వెబ్‌సైటులో సంస్థ పేరు కొడితే దాని హోదా, ఏటా దాఖలు చేసే 990 అనే లెక్కల పత్రం కనిపిస్తాయి. జీతాలకు ఎంత, సేవకు ఎంత ఖర్చుపెట్టారో అందులో ఉంటుంది. అనేక పెద్ద కంపెనీలు ఉద్యోగి ఇచ్చినంత మొత్తాన్ని తామూ జతచేస్తాయి కనుక, పంపే ముందు తమ కార్యాలయంలో ఆ పథకం ఉందేమో అడగమనండి.

చివరగా, ఒక్కసారి పంపి ఊరుకోకుండా, సంస్థ అందుకు వీలు కల్పిస్తే, నెలకు వంద రూపాయల చొప్పున ఏడాదంతా వెళ్లేలా ఏర్పాటు చేసుకోండి. గెలిచిన వారంలో చందాలు అందరూ పంపుతారు. సీజన్ ముగిసిన నెలలలో కూడా అక్కడ మందుల బిల్లులు వస్తూనే ఉంటాయి.